చెడిపోయిన సైకిల్ క్రాంకు ఊడదీయడం: కాటర్ పిన్ను నుంచి హాక్సా బ్లేడు దాకా

పోయిన వర్షాకాలంలో మా మేనల్లుడి గేర్ సైకిల్ ఎడమ క్రాంకు, అంటే పెడల్‌ని పట్టుకునే చెయ్యి, తీయబోయి నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. బోల్టు విప్పాను, దాని వెనక కూర్చున్న వాషరు చూసుకోలేదు, అలాగే క్రాంకుని బయటికి లాగే పుల్లర్ ఎక్కించి తిప్పడం మొదలుపెట్టాను. పుల్లర్ రెండంటే రెండు మరల మీద వేలాడుతోందని అప్పటికి తెలీదు. కొంచెం గట్టిగా తిప్పేసరికి టక్కుమంది, క్రాంకు లోపలి మర సన్నటి తీగలా చుట్టుకుని పుల్లర్‌తో పాటు బయటికొచ్చింది, క్రాంకు మాత్రం ఉన్నచోటే ఉంది. బస్టాండు దగ్గర మేస్త్రికి చూపిస్తే నవ్వాడు. "ఏటి బావూ, వాషరు తీయకుండా తిప్పేసినావేటి?" అన్నాడు, హాక్సా అందుకుంటూ.

మాది పర్లాకిమిడి. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, ఏరు దాటితే పాతపట్నం ఆంధ్రలో ఉంది, సైకిల్ సామాన్లకి మాత్రం ఆ గీత ఏమీ లేదు. ఇక్కడ దొరక్కపోతే శ్రీకాకుళం, అక్కడా లేకపోతే బరంపురం. షాపులో తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా కాటర్ కాటరే, బీబీ (క్రాంకుల నడుమ బాల్స్, కప్పులు ఉండే బాటమ్ బ్రాకెట్) బీబీయే. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని ఇరుసు, కీలకం అని గ్రాంథికంగా రాస్తే బాగుండదు కాబట్టి మేస్త్రులు అనే మాటలే వాడతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీరు కాపాడాల్సింది ఏది? క్రాంకు ఎలాగూ పోయింది. వంగిందో, చతురస్రం కన్నం అరిగి గుల్లయిందో, పెడల్ మర పోయిందో, ఏదైనా సరే అది మళ్ళీ సైకిల్‌కి ఎక్కేది కాదు. కాపాడాల్సింది రెండు క్రాంకుల్నీ కలిపే లోపలి యాక్సిల్, దాని చుట్టూ ఉన్న బాల్స్, కప్పులు, ఆ పైన ఫ్రేము. చాలామంది ఉల్టాగా చేస్తారు, పనికిరాని క్రాంకుకి గీత పడకూడదని చూసుకుంటూ యాక్సిల్ మీద సుత్తితో బాదుతారు. బాదిన ప్రతి దెబ్బా బాల్స్ మీద పడుతుంది, కప్పుల్లో గుంటలు పడతాయి, తర్వాత కొత్త క్రాంకు వేసినా కరకరమంటూనే ఉంటుంది.

మీది ఏ రకమో ముందు చూడండి

క్రాంకు యాక్సిల్‌ని పట్టుకునే చోట పక్క నుంచి అడ్డంగా దూరిన పిన్ను, దాని కొసన చిన్న నట్టు కనిపిస్తే అది కాటర్ రకం. నల్ల సైకిళ్ళు, పాలవాళ్ళ సైకిళ్ళు, మన తాతల కాలం నుంచి వస్తున్నవన్నీ దాదాపు ఇవే. పిన్ను లేకుండా యాక్సిల్ కొసకి ఎదురుగా క్రాంకులో గుండ్రటి గుంట ఉండి, అందులో బోల్టు తల ఉంటే, లేదా పైన ప్లాస్టిక్ మూత ఉంటే, అది చతురస్రం యాక్సిల్. ఈమధ్య కొన్న గేర్ సైకిళ్ళలో ఎక్కువగా ఇదే. ఎడమ పెడల్ దగ్గర మొదలై ఫ్రేము లోంచి దూరి కుడి పెడల్ దాకా ఒకే ఇనప కడ్డీ వంపులు తిరిగి ఉంటే అది ఏకముక్క క్రాంకు, పిల్లల సైకిళ్ళలో కనిపిస్తుంది. ఎడమ క్రాంకు మీద పక్కపక్కనే రెండు చిన్న ఎలన్ బోల్టులు ఉంటే ఖరీదైన సైకిల్ అన్నమాట, దాని పని అన్నిటికన్నా తేలిక.

ఏ రకమైనా ముందు పెడల్స్ విప్పండి

క్రాంకు చేతిలోకి వచ్చాక పెడల్ విప్పుదామంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సైకిల్‌కి ఉండగానే విప్పాలి, కనీసం లూజు చేసి పెట్టుకోవాలి. సాధారణంగా 15 నంబరు పానా పడుతుంది, సన్నగా ఉండేది అయితే మంచిది. కుడి పెడల్‌ది మామూలు మర, ఎడమ పెడల్‌ది ఉల్టా మర. ఎటు తిప్పాలో ప్రతిసారీ తికమకపడేవాళ్ళు ఇలా గుర్తుపెట్టుకోండి: పానాని పెడల్ మీద నిలువుగా, పిడి పైకి ఉండేలా పెట్టి, వెనక చక్రం వైపు లాగండి. ఏ పక్కనున్నా అలాగే ఊడుతుంది.

పట్టేసిందనుకోండి, రాత్రి రెండు పక్కల నుంచీ నూనె పోసి వదిలేయండి. డబ్ల్యూడీ-40 ఉంటే సరే, లేకపోతే కిరసనాయిల్లో కాస్త పల్చటి ఇంజిన్ ఆయిల్ కలిపినా పని జరుగుతుంది. మాలాగ మహేంద్రగిరి వైపు నుంచి వచ్చే వానల్లో నెలల తరబడి తడిసిన సైకిల్ అయితే ఒక రాత్రి చాలదు, రెండు రాత్రులు ఇవ్వండి. పెడల్ మర క్రాంకులోనే కొట్టుకుపోయి ఉంటే, అంటే పెడల్ ఊగుతూ సగం బయటికొచ్చేసి ఉంటే, దాంతో కుస్తీ పట్టకండి, పెడల్‌తో సహా క్రాంకు తీసేయొచ్చు.

చైన్‌ని ముందు చైన్‌వీల్ మీద నుంచి దించి లోపలి పక్క బీబీ గొట్టం మీద వేసేయండి. నల్ల సైకిల్ కుడి క్రాంకు తీయాలంటే చైన్ కవర్ కూడా విప్పాలి.

కాటర్ పిన్ను

కాటర్ అంటే ఒక పక్క ఏటవాలుగా అరగదీసిన ఇనప పిన్ను. ఆ ఏటవాలు చదును యాక్సిల్ మీదున్న చదునుకి ఆనుకుని మేకులా బిగుసుకుంటుంది. నట్టు పని దాన్ని జారకుండా పట్టడమే, బిగించేది నట్టు కాదు. ఇది అర్థమైతే తీయడం కూడా అర్థమైనట్టే: నట్టు ఉన్న పక్క నుంచి కొట్టి, లావు పక్క నుంచి బయటికి తోయాలి.

సైకిల్‌ని నిలబెట్టి, పిన్ను నట్టు పైకి వచ్చేలా క్రాంకు తిప్పండి. నట్టు విప్పి, వాషరు తీసేసి, నట్టుని మళ్ళీ ఎక్కించండి, దాని పైభాగం పిన్ను కొసతో సమానంగా ఉండేదాకా. ఎందుకంటే ఒట్టి మర మీద సుత్తి పడితే కొస పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, లేదా వంగుతుంది, ఆ తర్వాత కన్నంలోంచి అది దూరదు.

ఇప్పుడు అసలు కిటుకు. క్రాంకు కింద ఆసరా లేకుండా కొడితే దెబ్బలో సగం బాల్స్‌కి పోతుంది, సగం సైకిల్ ఊగడానికి పోతుంది, పిన్నుకి మిగిలేది ఏమీ లేదు. అర అంగుళం జీఐ పైపు ముక్క ఒకటి సంపాదించండి, ప్లంబర్ల దగ్గర మొండి ముక్కలు పడి ఉంటాయి. నేల నుంచి క్రాంకు అడుగు దాకా ఎత్తు కొలిచి, దానికన్నా ఒక వేలి మందం ఎక్కువ ఉండేలా కోయించుకోండి. పైపు ఒక కొస గట్టి నేల మీద, రెండో కొస పిన్ను లావు భాగం చుట్టూ క్రాంకుకి ఆనాలి, పిన్ను ఊడి పైపులోకి దిగాలి. సైకిల్ బరువు కొంత పైపు మీద పడాలి. నేల మట్టిదైతే కింద బండరాయి వేయండి, లేకపోతే ప్రతి దెబ్బకీ పైపు దిగబడుతుంది.

సైకిల్‌ని ఒకరు కదలకుండా పట్టుకోవాలి. బరువైన సుత్తి తీసుకుని ఒకే దెబ్బ, నిటారుగా, నమ్మకంతో కొట్టండి. చిన్న సుత్తితో టకటకా ఇరవై దెబ్బలు కొడితే పిన్ను కొస పాడవడం తప్ప ఏమీ జరగదు. రెండు మూడు పెద్ద దెబ్బలకి కదలకపోతే ఆపేయండి, నూనె పోసి రేపు చూడండి. నల్ల సైకిల్ క్రాంకు ఇనుమే కాబట్టి పిన్ను చుట్టూ క్రాంకుని కాస్త వేడి చేసినా లొంగుతుంది, కానీ ముందు పోసిన నూనె పూర్తిగా తుడిచేసి, కిరసనాయిలు డబ్బా దూరంగా పెట్టి మరీ చేయండి. లోపలి గ్రీజు కరిగి కారుతుంది కాబట్టి తర్వాత బాల్స్ విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టే పని కూడా పడుతుంది.

పిన్ను వంగిపోయిందా? వంగిన కొసని హాక్సాతో క్రాంకు అంచుకి సమానంగా కోసేయండి. తర్వాత నడిమధ్యలో సెంటర్ పంచ్‌తో గుంట కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 6 మిల్లీమీటర్ల బిట్టుతో డ్రిల్లు దించండి. పిన్ను నడుము గుల్లయ్యాక లోపలికి నలిగి పట్టు వదిలేస్తుంది, పంచ్ పెట్టి ఒక్కటిస్తే దిగిపోతుంది. డ్రిల్లు పక్కకి పోయి యాక్సిల్ చదునుని తినకుండా చూసుకోండి, అదొక్కటే భయం.

తీసిన పిన్నులు మళ్ళీ వాడకండి. కొత్త జత తెచ్చేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్ళి లావు పోల్చుకోండి, మన నల్ల సైకిళ్ళకి మామూలుగా 9.5 మిల్లీమీటర్లది వస్తుంది. ఎక్కించేటప్పుడు ఒక లెక్క ఉంది: కుడి క్రాంకు ముందుకి చాపినప్పుడు దాని నట్టు పైకి ఉంటే, ఎడమ క్రాంకుని ముందుకి తిప్పినప్పుడు దాని నట్టు కూడా పైకే ఉండాలి. ఇది తప్పితే రెండు క్రాంకులు ఒక గీతలోకి రావు, తొక్కుతుంటే ఒక కాలు కుంటినట్టు ఉంటుంది.

చతురస్రం యాక్సిల్, పుల్లర్

ఇక్కడ యాక్సిల్ కొస నాలుగు పలకలుగా, బయటికి వచ్చేకొద్దీ సన్నబడుతూ ఉంటుంది. క్రాంకు సాధారణంగా అల్యూమినియం. బోల్టు బిగిస్తే మెత్తటి అల్యూమినియం గట్టి ఉక్కు మీదకి ఎక్కి కరుచుకుంటుంది. బోల్టు లూజైన సైకిల్‌ని నాలుగు రోజులు తొక్కితే జరిగేది దీనికి వ్యతిరేకం: ఉక్కు మూలలు అల్యూమినియంని తినేస్తాయి, చతురస్రం కాస్తా గుండ్రంగా అవుతుంది, తర్వాత ఎంత బిగించినా రెండు రోజులే. మా మేనల్లుడిది అదే కథ. కాశీనగరం రోడ్డులో టక్ టక్ అని శబ్దం వస్తూనే ఉందట, "ఇంటికెళ్ళాక చూద్దాంలే మామయ్యా" అనుకున్నాడట. నేను చూసినవాటిలో లూజయ్యేది ఎక్కువసార్లు ఎడమ క్రాంకే.

మూత ఉంటే చిన్న స్క్రూడ్రైవర్‌తో లేపండి, గాటు ఉంటే నాణెంతో తిప్పండి. లోపల బోల్టుకి 14 నంబరు సాకెట్ గానీ 8 నంబరు ఎలన్ కీ గానీ పడుతుంది. గుంట ఇరుకు కాబట్టి మందపాటి సాకెట్ దూరదు, పల్చటి గోడ ఉన్నది వెతుక్కోవాలి. రెండు పక్కలా మామూలు మరే, గడియారానికి ఎదురుగా తిప్పితే ఊడుతుంది. పెడల్ లాగ ఉల్టా అనుకుని ఎడమ బోల్టుని ఇంకా బిగించేసినవాళ్ళని చూశాను.

బోల్టు వచ్చాక టార్చి వేసి గుంటలోకి చూడండి. వాషరు ఉందా? ఉంటే తీయండి. చాలాసార్లు గ్రీజుతో అతుక్కుని క్రాంకులో భాగంలాగే కనిపిస్తుంది, గుండుసూదితో అంచు గీకితే తెలుస్తుంది, అయస్కాంతం పెట్టినా వస్తుంది. నా డబ్బులు పోయింది ఇక్కడే కాబట్టి రెండుసార్లు చెప్తున్నా, వాషరు తీయండి. తర్వాత పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి గుంట లోపలి మరలని శుభ్రం చేయండి, మట్టి ఉంటే పుల్లర్ వంకరగా ఎక్కుతుంది.

పుల్లర్ ఖరీదు వందల్లోనే ఉంటుంది, పెద్దదేం కాదు. అందులో రెండు భాగాలు: బయటిది 22 మిల్లీమీటర్ల మర ఉన్న చుట్టు, లోపలిది దాని మధ్యలోంచి దూసుకెళ్ళే కడ్డీ. ముందు లోపలి కడ్డీని పూర్తిగా వెనక్కి తిప్పేయండి. బయటి చుట్టుని వేళ్ళతోనే క్రాంకులోకి ఎక్కించండి, పానాతో కాదు. సాఫీగా ఐదారు చుట్లు పోవాలి. రెండు చుట్లకే ఆగితే అది బిగిసినట్టు కాదు, ఏదో అడ్డుందని అర్థం, వెనక్కి తిప్పి మళ్ళీ చూడండి. చివరిదాకా దిగాక పానాతో కొంచెం బిగించండి. అప్పుడు లోపలి కడ్డీని కుడివైపుకి తిప్పండి. అది యాక్సిల్ కొసకి తగిలి, ఆనుకుని, క్రాంకుని నెమ్మదిగా బయటికి లాగుతుంది. మొదట గట్టిగా ఉండి, ఒక చిన్న కీచు శబ్దంతో వదిలేస్తుంది. ఆ శబ్దం విన్నప్పుడు భలే హాయిగా ఉంటుంది.

గట్టిదనం మరీ ఎక్కువైతే ఆపండి. పుల్లర్‌ని ఆ బిగువు మీదే ఉంచి, క్రాంకు పక్కన సుత్తితో చిన్నగా రెండు తట్టండి, పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే మరిగే నీళ్ళలో తడిపిన గుడ్డ క్రాంకు చుట్టూ చుట్టండి, చేతులు కాల్చుకోకుండా. వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఆ వెంట్రుకవాసి చోటు చాలు. గ్యాసు మంట మాత్రం అల్యూమినియం మీద పెట్టకండి.

లోపలి మర పోయినప్పుడు

మూడు దారులున్నాయి, తేలికైనది ముందు. మొదటిది తొక్కడం. బోల్టుని పూర్తిగా తీయకుండా రెండు చుట్లు లూజు చేసి, ఖాళీ మైదానంలో నెమ్మదిగా, నిలబడి తొక్కుతూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. కాసేపటికి క్రాంకు దానంతటదే వదులవుతుంది, బోల్టు ఉండటం వల్ల ఊడి కాలు మీద పడదు. రోడ్డు మీద మాత్రం చేయకండి.

రెండోది బైక్ మెకానిక్కుల దగ్గరుండే రెండు కాళ్ళ బేరింగ్ పుల్లర్. కాళ్ళు క్రాంకు వెనక తగిలించి, నడుమ కడ్డీ యాక్సిల్‌కి ఆనించి తిప్పాలి. యాక్సిల్ లోపల మర ఉంటుంది కాబట్టి బోల్టుని సగం ఎక్కించి దాని తల మీద ఆనిస్తే ఆ మర పాడవదు. ఎడమ పక్క ఇది బాగా పనిచేస్తుంది, కుడి పక్క చైన్‌వీల్ అడ్డు వస్తుంది కానీ కొన్నిటికి చోటు దొరుకుతుంది.

మూడోది హాక్సా. పెడల్‌కి వ్యతిరేక దిక్కున, యాక్సిల్‌ని దాటి క్రాంకు గుండ్రంగా ముగిసే కొస ఉంది చూడండి, అక్కడ గోడ అన్నిటికన్నా పల్చన. ఆ కొస నుంచి యాక్సిల్ వైపుకి, బ్లేడు యాక్సిల్‌కి సమాంతరంగా ఉండేలా కోయండి. అల్యూమినియం వెన్నలా తెగుతుంది, యాక్సిల్ తగిలాక బ్లేడు జారడం మొదలవుతుంది, చప్పుడు మారుతుంది. నిజానికి అంతదాకా కూడా పోనక్కర్లేదు, ఒక మిల్లీమీటరు మిగిలుండగా ఆపి, ఆ గాటులో చీజిల్ పెట్టి రెండు దెబ్బలు కొడితే క్రాంకు నోరు తెరుస్తుంది. మా మేస్త్రికి పట్టింది పదిహేను నిమిషాలు, అందులో సగం నాకు క్లాసు పీకడానికే.

మిగతా రెండు రకాలు

ఏకముక్క క్రాంకుకి ఎడమ పెడల్ విప్పాక, ఎడమ పక్కనున్న పెద్ద లాక్‌నట్టుని కుడివైపుకి, అంటే గడియారం దిక్కుకి తిప్పి తీయాలి, అది ఉల్టా మర. తర్వాత పళ్ళున్న వాషరు, ఆపైన కోను, అది కూడా ఉల్టా మరే, గాటులో స్క్రూడ్రైవర్ పెట్టి తట్టండి. బాల్స్ పంజరం తీసి, మొత్తం కడ్డీని కుడి పక్కకి వంచి తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. వంగిన ఏకముక్క క్రాంకుని సుత్తితో సరిచేయాలని చూడకండి, మార్చేయండి.

రెండు ఎలన్ బోల్టుల రకానికి 5 నంబరు కీతో రెంటినీ మార్చి మార్చి లూజు చేయండి, కొసనున్న ప్లాస్టిక్ మూతని దాని ప్రత్యేక పనిముట్టుతో తీయండి, రెండు బోల్టుల మధ్య చిన్న ప్లాస్టిక్ పలక ఉంటే లేపండి, చేత్తో లాగితే ఎడమ క్రాంకు వస్తుంది. రబ్బరు సుత్తితో యాక్సిల్ కొస తడితే కుడిది కూడా.

క్రాంకు వచ్చాక

యాక్సిల్‌ని వేళ్ళతో తిప్పండి. సాఫీగా తిరిగితే సరే. గరగరలాడితే, పైకీ కిందకీ ఊగితే ఇప్పుడే బీబీ పని కూడా చేసేయడం మేలు, మళ్ళీ క్రాంకు ఊడదీసే బాధ తప్పుతుంది. నాలుగు పలకల మూలలు వేలితో తడిమి చూడండి, పదునుగా తగలాలి. మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటే కొత్త క్రాంకు కూడా నెల తిరక్కుండా పాతదాని దారే పడుతుంది.

షాపుకి పాత క్రాంకు పట్టుకెళ్ళండి. దాని వెనక పక్క 170 లాంటి అంకె ఉంటుంది, అది మిల్లీమీటర్లలో పొడవు, రెండు పక్కలా ఒకటే ఉండాలి. కుడిదైతే చైన్‌వీల్ పళ్ళు లెక్కపెట్టి చెప్పండి. ఎడమ క్రాంకుకి ఎడమ మర ఉందో లేదో షాపులోనే మీ పెడల్ ఎక్కించి చూసుకోండి.

యాక్సిల్ పలకలు తుడిచి క్రాంకు ఎక్కించండి. అక్కడ గ్రీజు రాయాలా వద్దా అని మేస్త్రులు రెండు జట్లుగా కొట్టుకుంటారు, నేను రాసి గుడ్డతో తుడిచేస్తాను. బోల్టు మరకి మాత్రం రాయాల్సిందే. బిగువు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు ఉండాలి. లెక్క చూసే రించి మనకెక్కడిది అంటే, పాతిక సెంటీమీటర్ల పిడి చివర దాదాపు పదహారు కిలోల బరువుతో నొక్కినట్టు బిగిస్తే 40 దగ్గర ఉంటారు. చిన్న ఎలన్ కీతో అంత రాదు, దానికి పైపు తొడుక్కోవాలి.

కాటర్‌ది అయితే మళ్ళీ పైపు ఆసరా పెట్టి లావు పక్క నుంచి కొట్టి, తర్వాత నట్టు బిగించండి. ఆ సాయంత్రమే పాతపట్నం దాకా వెళ్ళి రండి, వచ్చాక మళ్ళీ ఒక దెబ్బ, నట్టుకి ఇంకో పావు చుట్టు. చతురస్రం రకాన్ని ఇరవై ముప్పై కిలోమీటర్లు తొక్కాక ఒక్కసారి బిగువు చూడండి. ఆ తర్వాత శబ్దం వస్తే తప్ప దాని జోలికి పోకండి, వారం వారం బిగిస్తూ పోతే క్రాంకు పలకల మీద ఇంకా ఇంకా లోపలికి ఎక్కి ఏదో ఒకరోజు కన్నం మూల దగ్గర చీలుతుంది.